చెనిక్కాయల ధర అడిగిన మార్క్సిస్టు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో మార్క్సిజం మీద వచ్చిన పెద్ద వ్యాసం చదివాను, చాలా శ్రద్ధగా రాశారు, కానీ చదవడం అయ్యాక మనసులో ఒక వెలితి ఉండిపోయింది. అందులో కనిపించిన మనుషులంతా జర్మనీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్, ఇటలీ వాళ్ళే, ఆ తర్వాత లెనిన్, చివర్లో మావో గురించి నాలుగు లైన్లు. ఆఫ్రికా లేదు, లాటిన్ అమెరికా లేదు. మీ పేపర్ ఒక్కటే అని కాదు, తెలుగులో మొదట్నుంచీ ఇదే వరస. చే గువేరా బొమ్మ మన ఊళ్ళో టీషర్టుల మీద, ఆటోల వెనకాల కనిపిస్తుంది గానీ ఆ ఖండంలో కూర్చుని ఆలోచించి రాసినవాళ్ళ పేర్లు అడిగితే పార్టీల్లో తిరిగే పిల్లలకి కూడా తెలీదు.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, మాది అనంతపురం జిల్లా. అందుకేనేమో నాకు ఇద్దరు బాగా దగ్గరగా అనిపిస్తారు, వాళ్ళ గురించి చెప్పాలనే ఈ ఉత్తరం.

ఒకాయన పెరూ దేశపు హొసే కార్లోస్ మరియాతెగి. 1894లో పుట్టాడు, పేద ఇల్లు, చిన్నప్పుడే కాలికి దెబ్బ తగిలి చదువు సరిగ్గా సాగలేదు, మీసాలు రాని వయసులోనే ఒక పేపర్ ఆఫీసులో పనికి చేరి అక్కడే జర్నలిస్టు అయ్యాడు. 1919లో యూరప్ వెళ్ళి 1923లో తిరిగొచ్చాడు, ఆ మరుసటి ఏడాదే కాలు తీసేయాల్సి వచ్చింది. వీల్‌చైర్‌లో కూర్చునే 1926లో అమౌతా అనే పత్రిక పెట్టాడు, 1928లో పెరూ వాస్తవికత మీద ఏడు వ్యాసాల పుస్తకం తెచ్చాడు, 1930లో పోయాడు, అప్పటికి ముప్పై ఐదేళ్ళే.

ఆయన చేసిన పని ఏంటంటే, అప్పుడు రాజధాని లీమాలో చదువుకున్న పెద్దమనుషులు అక్కడి ఆదివాసుల పేదరికానికి తలా ఒక కారణం చెప్పేవాళ్ళు, ఒకరు జాతి అనేవాళ్ళు, ఒకరు చదువు లేకపోవడం అనేవాళ్ళు, ఇంకొకరు చర్చి నీతులు బోధిస్తే బాగుపడతారు అనేవాళ్ళు. మరియాతెగి వీటన్నిటినీ పక్కకి నెట్టి ఇది భూమి సమస్య అని తేల్చి చెప్పాడు. పెరూలో పెద్ద భూస్వామిని గమొనాల్ అంటారు, మనం దొర అన్నట్టే అనుకోండి. జడ్జీ ఆయన మాటే వింటాడు, లోకల్ ఆఫీసరూ ఆయన మాటే వింటాడు, కాబట్టి లీమాలో ఆదివాసీని కాపాడ్డానికి ఎన్ని చట్టాలు చేసినా కొండల్లోకి వచ్చేసరికి అవి చిత్తు కాగితాలే అని మరియాతెగి విడమరిచి చెప్తాడు. దేశ జనంలో ఐదింట నాలుగు వంతులు ఆదివాసీ రైతులే అయినప్పుడు ఫ్యాక్టరీ కార్మికుడి కోసం ఎదురుచూస్తూ కూర్చునే సోషలిజం మాకెందుకు అన్నది ఆయన ప్రశ్న. మా సోషలిజం కాపీ కాకూడదు, అనుకరణ కాకూడదు, మేమే సృష్టించుకోవాలి అని 1928లోనే రాశాడు.

అయితే 1929లో బ్యూనస్ ఎయిర్స్‌లో లాటిన్ అమెరికా కమ్యూనిస్టుల సమావేశం జరిగితే ఆరోగ్యం బాగాలేక తను వెళ్ళలేకపోయాడు, తన పత్రాన్ని సహచరులతో పంపాడు, అక్కడ మాస్కో లైన్ పట్టుకున్నవాళ్ళకి అది నచ్చలేదు. ఆయన పోయిన నెలకే ఆయన పెట్టిన సోషలిస్టు పార్టీ పేరు మార్చేసి కమ్యూనిస్టు పార్టీ చేశారు.

ఇది చదివినప్పుడు నాకు మనవాళ్ళే గుర్తొచ్చారు. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో రైతులు వెట్టికీ బేదఖళ్ళకీ ఎదురు తిరిగి పోరాడుతున్న రోజుల్లో, 1948లో, కమ్యూనిస్టు పార్టీ ఆంధ్ర కమిటీ వాళ్ళు మావో చెప్పిన నూతన ప్రజాస్వామ్యాన్ని చూపించి మన దారి రష్యా దారిలా ఉండదు అని కేంద్ర కమిటీకి రాశారు. అప్పటికి చైనాలో విప్లవం ఇంకా గెలవనే లేదు, ఆ సంగతి గమనించండి. 1949లో అప్పటి పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే దాన్ని తప్పుపడుతూ మావో మీదే విమర్శ పెట్టాడు. చివరికి 1950-51లో నలుగురు నాయకులు మాస్కో వెళ్ళి స్టాలిన్‌ని కలిశారు, అందులో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య మనవాళ్ళే. 1951 అక్టోబర్‌లో పోరాటం ఆపేశారు. ఆపడం కరెక్టా కాదా అనే గొడవ ఇప్పటికీ ఉంది, అందులోకి నేను పోను, కానీ తెలుగు నేల మీద పుట్టిన ఆ ఆలోచనని ప్రపంచంలో ఇలాంటి మిగతావాటి పక్కన పెట్టి చూసిన వ్యాసం నేను ఒక్కటి కూడా చదవలేదు, ఇది నాకు నిజంగా బాధ.

రెండో ఆయన అమిల్కార్ కాబ్రల్. ఈయనది పశ్చిమ ఆఫ్రికాలో గినీ బిస్సావ్, అప్పట్లో పోర్చుగల్ వలస. ఈయన వ్యవసాయ శాస్త్రవేత్త, 1953లో ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి ఆ దేశపు వ్యవసాయ గణన చేసినవాడు, అంటే ఊరూరూ తిరిగి ఎవరు ఏం పండిస్తారో రాసుకున్నవాడు. 1956లో రహస్యంగా పార్టీ పెట్టాడు. దున్నేవాడికే భూమి అన్న నినాదం మా దేశంలో పనికిరాదు అని ఆయన 1964లో చెప్పాడు, ఎందుకంటే అక్కడ తెల్లవాళ్ళు భూములు లాక్కోలేదు, భూమి ఊరి చేతిలోనే ఉంది, దోపిడీ అంతా చెనిక్కాయలు, అంటే వేరుశనగ, కొనే ధరలో జరుగుతోంది. మా జిల్లాలో మండీకి బండి తోలుకుపోయి తరుగు పేరుతో ఒకసారి, రేటు పేరుతో ఒకసారి మోసపోయిన రైతుకి ఈ మాట ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

అందుకని కార్యకర్తలకి ఆయన నేర్పింది కూడా అదే తీరు. ఊళ్ళోకి పోయి సామ్రాజ్యవాదం అని మొదలెట్టొద్దు, ఇలా అడగండి అనేవాడు, పన్ను కట్టావా, మీ నాన్న కట్టాడా, ఆ పన్నుతో నీకు ఏం ఒరిగింది, చెనిక్కాయలకి ఎంత ఇచ్చారు, ఇంటిల్లిపాదీ ఎంత చెమటోడ్చారు, రోడ్డు పనికి పిలిస్తే పార ఎవరిది, నీదే, తిండి ఎవరిది, నీదే, మరి ఆ రోడ్డు మీద తిరిగే కారు ఎవరిది? ఈ ప్రశ్నల్లో ఒక్క సిద్ధాంతం మాట లేదు, కానీ సిద్ధాంతం అంతా ఉంది అనిపిస్తుంది నాకు. 1973 జనవరి 20న పక్క దేశం గినీ రాజధాని కొనాక్రీలో ఆయన్ని చంపేశారు, అదే సెప్టెంబర్‌లో ఆయన పార్టీ స్వాతంత్ర్యం ప్రకటించింది, పోర్చుగల్ మరుసటి ఏడాది ఒప్పుకుంది.

ఒకాయన మా దేశంలో సమస్య భూమే అన్నాడు, ఇంకొకాయన మా దగ్గర భూమి కాదు ధర అన్నాడు. ఇద్దరూ మార్క్సిస్టులే, ఇద్దరూ చదివింది ఆ పుస్తకాలే, ఎవరి ఊరు వాళ్ళు చూసి మాట్లాడారు.

చేదు సంగతి కూడా చెప్పాలి, దాచితే మరియాతెగికి మర్యాద చేసినట్టు కాదు. ఆయన మాటల్లోంచే పేరు తీసుకున్న షైనింగ్ పాత్ అనే గుంపు 1980లో పెరూలో యుద్ధం మొదలుపెట్టింది, 1983 ఏప్రిల్‌లో లుకనమార్కా ప్రాంతంలో 69 మంది పల్లె జనాన్ని పిల్లలతో సహా చంపింది. తర్వాత వచ్చిన సత్య కమిషన్ 2003లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం ఆ ఘర్షణలో చనిపోయినవాళ్ళు, కనిపించకుండా పోయినవాళ్ళు సుమారు 69 వేల మంది, సగానికి పైగా ఈ గుంపు పాపమే, మిగతాదాంట్లో పెద్ద భాగం సైన్యం, పోలీసులది. బాధితుల్లో నూటికి డెబ్బై ఐదు మంది క్వెచువా లాంటి ఆదివాసీ భాషలు మాట్లాడేవాళ్ళు, అంటే మరియాతెగి ఎవరి కోసం రాశాడో ఆ జనమే. ఇదీ ఆ చరిత్రలో భాగమే, ఇది కూడా అచ్చు వేయండి.

నా విన్నపం ఒకటే. వారానికి అర పేజీ చాలు, ఈ మనుషుల రాతల్ని తెలుగులోకి తెప్పించి వేయండి, తెలిసినవాళ్ళ చేత చిన్న పరిచయాలు రాయించండి. కాబ్రల్ 1964 ప్రసంగంతో మొదలుపెడితే మా జిల్లాలో రైతు సంఘాల వాళ్ళకి నేనే ఆ పేజీ జిరాక్సులు తీసి పంచుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యవసాయ శాఖ ఉద్యోగి,
అనంతపురం జిల్లా