ఫైబర్ లంబోర్గినీకి రేటు కట్టేదెట్లా

తిరుపతి నుంచి

ఒరే మామా,

తమిళనాడు వేలూరు నంబరు, 2012 హోండా సిటీ మీద ఫైబరు బాడీతో కట్టిన లంబోర్గినీ అవెంటడోర్ నమూనా ఒకటి కొంటానని, రేటు 14 లక్షలని రాశావు. ఫోటోలు బాగానే ఉండాయి. ఫోటోలో ఏ ఫైబరైనా బాగానే ఉంటుందిలే. తొందరపడి అడ్వాన్సు మాత్రం ఇయ్యొద్దు.

ఆర్‌సీలో లంబోర్గినీ అని ఉండదు. సిటీ, 1,497 సీసీ, అంతే. కంపెనీ ఇచ్చిన రూపం ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చింది. దొరికితే ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. అదట్లుంచు, నీకు అసలు చిక్కు బదిలీ దగ్గర. ఫారం 28 మీద వేలూరు ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చి, బదిలీకి 29, 30 ఫారాలు పెట్టి, ఇక్కడ ట్యాక్సు కట్టి మన నంబరు వేయించాలంటే చిత్తూరు ఆఫీసులో బండిని ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాల. కాగితంలో సిటీ, ఎదురుగా పైకి లేచే కత్తెర తలుపులు! వేలూరు నంబరుతోనే తిప్పుదామంటే 12 నెలలకు మించి కుదరదు, పైగా 2027లో 15 ఏళ్లు నిండి రెన్యువల్‌కు మళ్లీ చూపించాల. అందుకే దీన్ని రోడ్డు బండి అనుకోకుండా, షెడ్డులో పెట్టుకునే బొమ్మ అనుకోని రేటు కట్టు.

నా లెక్క ఇది. మార్చని 2012 సిటీ ఈ రోజు ఎంత పలుకుతుందో నలుగురిని అడుగు, మూడు లక్షలనుకుందాం. అమ్మే ఆయన ఫైబరుకు, పెయింటుకు, వీల్స్‌కు 9 లక్షల బిల్లులు చూపిస్తే అందులో మూడో వంతు కలుపు. మొత్తం ఆరు లక్షలు. టైర్లు, ఏసీ, బేరింగులకు ఎంతవుతుందో తీసేయ్. ఐదుతో మొదలుపెట్టి ఐదున్నర దగ్గర నిలబడు. బిల్లులు లేకుంటే సిటీ రేటు మీద ఒక లక్ష, అంతకు మించొద్దు.

చూసేటప్పుడు వెల్డింగు దగ్గరే ఎక్కువసేపు ఉండు. అసలు అవెంటడోర్ ఎత్తు 1,136 మి.మీ., సిటీ 1,470. అడుగుకు పైన దించాలంటే పైకప్పు, దాన్ని మోసే పిల్లర్లు కోయక తప్పదు. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం కూడా 2,550 నుంచి 2,700కి సాగాల. సిటీకి లారీ మాదిరి విడిగా ఛాసిస్ చట్రం లేదు, బాడీయే దాని బలం. కోసిన చోట ఇనుప పైపులతో ఫ్రేము కట్టినారా, రేకు అతికించి పుట్టీ పూసినారా? కార్పెట్ లేపి చూడు, లిఫ్టు మీద కింద నుంచి చూడు. వెల్డింగు వరసగా లేక చుక్కలు చుక్కలుగా ఉంటే మాట్లాడకుండా లేచి వచ్చేయ్. వీల్‌బేస్ సాగదీయకుండా వదిలేసుంటే బండి నొక్కేసినట్టు పొట్టిగా కనిపిస్తుంది. చూపుకు లోటే గానీ బలానికి అదే మేలు.

ఫైబరు మీద ట్యూబులైటు నీడ వంకర్లు పోతే అచ్చు సరిగా తీయలేదన్నమాట. తలుపు హింజి చుట్టూ నక్షత్రాల మాదిరి పగుళ్లు, సైలెన్సర్ దగ్గర కాలిన మచ్చ కూడా వెతుకు. ముక్కు సన్నం చేసేస్తే రేడియేటర్‌కు గాలి చాలదు; మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి 20 నిమిషాలు నిలబెట్టి ఇంజిన్ వేడి చూపే సూది చూడు. చక్రాలు బయటికి తేవడానికి వాటి వెనక స్పేసర్లు (మందపాటి బిళ్లలు) వేసుంటే బేరింగులు తొందరగా పోతాయి, నడుపుతుంటే గుయ్యిమంటాయి.

ఇక మర్యాద. ఫోన్లోనే ‘లాస్ట్ ఎంత’ అనొద్దు. ఐదుగురిని వెంటేసుకుని పోవద్దు. తలుపు ఆయన్నే తెరవనీ, తెలీక లాగితే ఫైబరు చీలుతుంది. ‘డూప్లికేటు’ అనే మాట ఆయన ముందు ఎత్తొద్దు, ఏళ్లు పెట్టి కట్టుకున్నోళ్లకు కడుపు మండుతుంది. తక్కువకు అడిగేటప్పుడు ‘మీ ఖర్చు అబద్ధమని కాదన్నా, కాగితం సిటీదే కదా’ అను. నచ్చకపోతే ఆ రోజే చెప్పేయ్. ఆయన కాణిపాకంలో ప్రమాణం చేస్తానన్నా సరే, అడ్వాన్సుకు రసీదు రాయించుకో: ఛాసిస్ నంబరు, ‘సిటీ మీద కట్టిన నమూనా’ అనే మాట, ఎన్‌ఓసీ రాకపోతే డబ్బు వాపసు. రేపు నువ్వు అమ్మేటప్పుడూ మొదటి మాట అదే ఉండాల, బ్యాడ్జీ చూపించి రేటు పెంచితే మోసమే.

ఆర్‌సీ ఫోటో, బాడీ మీద చెక్కిన ఛాసిస్ నంబరు ఫోటో ముందు పంపు. రెండూ కలిస్తేనే బస్సెక్కు.

నీ
మామ