విషం పేరు పెళ్ళికి పెట్టలేదండీ

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో ఓ మూల బాక్సు కట్టి చిన్న ముక్క వేశారు. స్వీడన్, నార్వే, డెన్మార్క్ భాషల్లో ‘గిఫ్ట్’ అంటే పెళ్ళయినవాళ్ళు అనీ విషం అనీ రెండర్థాలట, పెళ్ళి సంగతి ఆ దేశాలవాళ్ళకి ముందే తెలిసిపోయి విషం పేరే దానికి పెట్టేశారట! రెండర్థాలున్న మాట నిజమే. విషం పేరు పెళ్ళికి పెట్టారన్నది మాత్రం తప్పు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మగవాళ్ళంతా ఆ ముక్కే తిప్పి తిప్పి పెడుతుంటే చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

మా అమ్మాయి స్టాక్‌హోమ్‌లో ఉంటుంది. పెళ్ళికి ముందు దాని కాగితాల మీద ‘ఊయిఫ్ట్’ అని ఉండేది, అంటే పెళ్ళి కానిది. పెళ్ళయ్యాక ‘యిఫ్ట్’ అయింది. స్వీడన్‌లో అలాగే పలుకుతారు, రాసేటప్పుడు మాత్రం గ ఉంటుంది. గిఫ్ట్ అని గట్టిగా పలికేది డెన్మార్క్‌వాళ్ళు. నేను వెళ్ళినప్పుడు వంటింట్లో సింకు కింద డ్రైనేజీ పైపు సాఫు చేసే సీసా కనిపించింది, పొరపాటున తాగితే ఫోన్ చేయాల్సిన కేంద్రం పేరు దాని మీద జానెడు పొడుగున ఉంది, అది కూడా యిఫ్ట్‌తోనే మొదలు. ‘ఇదేం మాటే తల్లీ’ అన్నాను. అప్పట్నుంచి పట్టుకున్నాను దీన్ని.

రెండింటికీ మూలం ‘ఇవ్వడం’. పెళ్ళి అర్థమే అక్కడ పాతది. పిల్లని ఇచ్చారు కాబట్టి ఆ మాట. మనం మాత్రం ఏమంటాం? పేరంటంలో ఎవరైనా ‘మీ పెద్దమ్మాయిని ఎక్కడికిచ్చారు?’ అనే కదా అడిగేది. పిల్లనిచ్చిన మామ అంటాం, కన్యాదానం అంటాం. (పిల్లని ఇచ్చెయ్యడమేమిటి, వస్తువా అని మా అమ్మాయి నాతో తగువు పెట్టుకుంటుంది, అది వేరే సంగతి.) పాత ఇంగ్లీషులోనూ గిఫ్ట్ అంటే పెళ్ళికూతురి కోసం ఇచ్చే సొమ్ము, బహువచనంలో వాడితే ఏకంగా పెళ్ళి. అప్పట్లో వాళ్ళూ ‘యిఫ్ట్’ లాగే పలికేవారు. ఇప్పుడు బర్త్‌డేలకి మనం ఇచ్చే గిఫ్ట్‌లో గ ఆ మూడు దేశాలవాళ్ళ పూర్వీకులైన వైకింగుల భాష నుంచి అంటుకున్నదే.

విషం అర్థం ఆ తర్వాత జర్మన్ వైపు నుంచి వచ్చి చేరింది. గ్రీకులో ‘దోసిస్’ అంటే ఇవ్వడం, వైద్యుడు ఇచ్చే మోతాదు కూడా అదే, మన డాక్టర్లు ‘డోసు పెంచాను’ అనే డోసు అక్కడిదే. ఆ డోసూ మన దానమూ ఒకే ధాతువు పిల్లలని చెబితే మీ పాఠకులు నమ్ముతారో లేదో. జర్మన్లు దాన్ని తమ భాషలోకి తిప్పి గిఫ్ట్ అన్నారు. విషాన్ని విషం అని నోటితో అనడం ఇష్టం లేక ‘ఇచ్చినది’ అనడం మొదలై, చివరికి ఆ అర్థమే మిగిలింది. స్కాండినేవియాలో, అంటే ఆ మూడు దేశాల్లో, అంతకుముందు విషానికి వేరే మాట ఉండేది, డెన్మార్క్‌లో సాలెపురుగు పేరులో అదింకా మిగిలే ఉంది.

నవ్వుకోవాలనుకుంటే అంత దూరం పోనక్కర్లేదు, మన ‘మందు’ లేదూ? జ్వరానికి మందు, చేలో కొట్టేది మందు, తుపాకిలో కూరేది మందు, సాయంత్రం వైన్స్ ముందు క్యూ కట్టేది మందు కోసమే, కోడలు అన్నంలో మందు పెట్టి కొడుకుని తిప్పేసుకుందని ఏడ్చే అత్తగారిదీ మందే. హైదరాబాద్‌లో ‘నిన్న మందు తాగిండు’ అంటే నవ్వి ఊరుకుంటారు. అదే మాట మా ఊరి నుంచి ఫోన్లో వినబడితే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు, ఏ మందు అని అడగడానికి నోరు రాదు, అవతలివాళ్ళు రెండో మాట చెప్పేదాకా టెన్షనే. ఇంగ్లీషు ‘పాయిజన్’ కూడా లాటిన్‌లో ‘తాగేది’ అనే మాట నుంచే పుట్టింది. అంటే విషాన్ని ఇలా చాటుగా పిలవడం అందరికీ ఉన్న అలవాటే.

మా అల్లుడు స్వీడన్ అబ్బాయే. పోయిన వేసవిలో ఇక్కడికొచ్చి, తలనొప్పికి మాత్ర కావాలని నల్లకుంటలో ఆటో ఎక్కి, నేర్చుకున్న తెలుగులో ‘మందు షాపు’ అన్నాడు. ‘మందుల’ అనాల్సింది, ఒక్క అక్షరం మింగేశాడు. ఆటో అబ్బాయి పాపం నమ్మకంగా తీసుకెళ్ళి వైన్స్ ముందు దింపాడు.

వచ్చే ఆదివారం అదే మూలలో, అదే బాక్సులో సవరణ వేయండి. వాట్సాప్ గ్రూపులో నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
ఓ పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్