నలభై దాటిన ఆడమనిషి మాట పది నిమిషాలు వినే డాక్టర్ కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పది పన్నెండు రోజుల కింద మీ జిల్లా పేజీలో మహిళల వైద్య శిబిరం వార్త వేశారు. ఫొటోలో రిబ్బన్ దగ్గర నిలబడ్డవాళ్లు తొమ్మిది మంది, అందులో డాక్టర్ ఒక్కరే. నలభై దాటిన మహిళలు యోగా చేసి టెన్షన్ తగ్గించుకుంటే సగం సమస్యలు పోతాయని అతిథి గారు చెప్పిన మాటను పెద్ద అక్షరాలతో పెట్టారు. చదివిన రోజే రాద్దామనుకున్నాను. వరుస డ్యూటీలతో కుదరలేదు. కోపం మాత్రం తగ్గలేదు.

నేను బస్సు కండక్టర్‌ని, వయసు 47. దేవరకొండ నుంచి మల్లేపల్లి, చింతపల్లి, మాల్ మీదుగా హైదరాబాద్ పోయే రూట్‌లోనే నాకు ఎక్కువ డ్యూటీలు పడతాయి. నెలసరి ఆగిపోయే వయసు బాధలు చెప్పుకుంటే ఆ టెన్షన్ అనే మాటే నేను ఏడాదిన్నర పాటు విన్నాను.

మొదట నిద్ర పోయింది. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటే జాకెట్టు తడిసి ముద్దయి ఉండేది. చలికాలంలో ఫ్యాన్ వేయమంటే ఇంట్లోవాళ్లు విసుక్కునేవారు. బస్సులో టికెట్లు కొడుతుంటే ఉన్నట్టుండి ఛాతీలోంచి మెడ మీదికి, చెవుల దాకా వేడి ఎగదన్నేది. చేతిలో నోట్లు చెమటకు తడిసిపోయేవి. ఇరవై ఏళ్లుగా చెప్తున్న స్టేజీ పేరు నోటికి రాక ఆగిపోయేదాన్ని. తర్వాత నెలసరి గాడి తప్పింది. రెండు నెలలు రాదు, వచ్చిందంటే పన్నెండు రోజులు ఆగదు. ఒక రోజు చింతపల్లి దాటాక లేచి నిలబడితే సీటు మీద మరక. వెనకాల కూర్చున్న పెద్దమ్మ గబుక్కున లేచి, తన కూరగాయల సంచి నా చేతికిచ్చి, "వెనక పెట్టుకో బిడ్డా, నేను నీ వెనకే నిలబడతా" అంది. స్టాండ్ వచ్చేదాకా అట్లాగే నిలబడింది. నా బాధను మొదట పట్టించుకున్నది ఆమే.

ఆసుపత్రులు తిరగలేదా అంటే తిరిగాను. ఒక చోట ఓపీ చీటీ రాయించుకుని రెండు గంటలు కూర్చున్నాను. లోపలికి పోయాక నేను మొదలుపెట్టిన మాట పూర్తి కాలేదు. "ఈ వయసులో అందరికీ ఉండేదేనమ్మా" అని బీకాంప్లెక్స్, కాల్షియం గోళీలు, నిద్రకు ఒక మాత్ర రాసి పంపారు. రక్తపరీక్ష లేదు. నెలసరి ఎట్లా వస్తోందన్న ప్రశ్న కూడా లేదు. ఇంకొక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ తీసి, గర్భసంచి వాచింది, ఎల్లుండి తీసేద్దాం, ఆలస్యం చేస్తే క్యాన్సర్ అయితే ఎవరిది బాధ్యత అన్నారు. మా ఆయన అప్పు కోసం అప్పుడే ఫోన్లు మొదలుపెట్టాడు.

ఆపరేషన్‌కు పోకుండా ఆగింది మా వదినను చూసినందుకే. ఆమెది మర్రిగూడ వైపు ఊరు. 36వ ఏట తెల్లబట్ట అవుతోందని పోతే గర్భసంచి తీసి పంపారు. ఆ తర్వాత ఆరునెలలకే ఒళ్లంతా మంటలు, గుండె దడ. డిశ్చార్జి చీటీ పాలిథీన్ కవర్‌లో పెట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. నేను విప్పి చూశాను. ఇంగ్లీషులో ఒకటిన్నర లైను. అండాశయాలు తీశారా, ఉంచారా అన్నది అందులో లేదు, ఆమెకూ ఎవరూ చెప్పలేదు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగిన దశ మొదలైనట్టు. ఉంచినా కొందరిలో అవి మామూలు కంటే ముందే పని మానేస్తాయి. 36 ఏళ్లకే ఎముకలకూ గుండెకూ అండాశయాల హార్మోన్ ఇచ్చే రక్షణ పోతే మిగతా జీవితం ఎట్లా గడపాలి? ఆమె నడుము నొప్పి అని పోయిన ప్రతిచోటా నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల అని చెప్పి పంపుతున్నారు. కృష్ణా నీళ్లు రాకముందు బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషే, ఫ్లోరైడ్ ఉండొచ్చు. కానీ ఎముకలు గుల్లబారాయా అని ఒక్కసారైనా పరీక్ష చేయించాలి కదా.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. మన తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మన జిల్లాలో వాటి ప్రకారం ఎవరు లెక్క చూస్తున్నారో మీ విలేకరి ఒకసారి అడిగి రాస్తే బాగుంటుంది. రిబ్బన్ ఫొటో కంటే ఆ వార్త మాకు అవసరం.

చివరికి నాకు మేలు చేసింది ఒక సర్కారు దవాఖానాలో పీజీ చదువుతున్న చిన్న డాక్టరమ్మ. వయసు ముప్పై కూడా ఉండదు. "రాత్రి ఎన్నిసార్లు లేస్తావక్కా? రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తావు? గడ్డలు పడుతున్నాయా? ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉందా?" అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. కింది రెప్ప లాగి చూసి వెంటనే రక్తపరీక్షకు పంపింది. హిమోగ్లోబిన్ 7.4 వచ్చింది, చాలా తక్కువ. ఆ రక్తంతో ఏడాదిగా బస్సెక్కి దిగుతున్నాను, అందరూ టెన్షన్ అంటున్నారు! థైరాయిడ్ చూశారు. గర్భసంచి పొర ముక్క తీసి పరీక్షకు పంపితే చెడు ఏమీ లేదని తేలింది. ఐరన్ ఎక్కించారు, రక్తస్రావం తగ్గడానికి మందులు ఇచ్చారు. నా గర్భసంచి నాతోనే ఉంది.

నెలసరి పన్నెండు నెలలు వరుసగా రాకపోతేనే మెనోపాజ్ అంటారని, దానికి ముందు కొన్నేళ్లు ఇట్లా ఒడిదుడుకులు ఉంటాయని, దాన్ని పెరిమెనోపాజ్ అంటారని ఆమె చెప్తేనే తెలిసింది. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ఆగిపోతుందట. ఏడాది ఆగాక మళ్లీ రక్తం కనపడితే ఒక్కరోజు కూడా ఊరుకోకుండా రమ్మంది. వేడి ఆవిర్లకు హార్మోన్ మందులున్నాయి, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టిన జబ్బు ఉన్నవాళ్లకు అవి పనికిరావు, మిగతావాళ్లకు చూసి, తూచి ఇవ్వొచ్చని చెప్పింది. ఇదంతా చెప్పడానికి పట్టింది పదిహేను నిమిషాలు.

మా అమ్మ వయసులో ఏఎన్ఎం అమ్మ, అంటే ఊళ్లు తిరిగే సర్కారు నర్సమ్మ, వస్తే ప్రతి ఇంటి ఆడమనిషి పేరు తెలిసి ఉండేది. ఇప్పుడు వచ్చేవాళ్లు మంచివాళ్లే, కానీ చేతిలో ఫోన్, అందులో నింపాల్సిన లెక్కలు. వాళ్లను అట్లా చేసింది పైవాళ్లు. గర్భిణి అయితే ఆసుపత్రికి తీసుకుపోయే అమ్మ ఒడి బండి వస్తుంది, పరీక్షలు ఉంటాయి. ఇవన్నీ మంచివే. పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిపోయాక ఆ ఆడమనిషి పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. మా దగ్గర పద్దెనిమిదేళ్లకు పెళ్లి, పాతికేళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్. అప్పటి నుంచి చచ్చేదాకా ఆమెను అడిగేవాళ్లు లేరు.

2023 మార్చి 8న మన రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్య మహిళ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రతి మంగళవారం ఆడవాళ్లకే ప్రత్యేక క్లినిక్, ఎనిమిది రకాల సేవలు. అందులో మెనోపాజ్ ఒకటని, హార్మోన్ మందులూ కౌన్సెలింగూ ఉంటాయని ప్రకటించారు. ప్రభుత్వం ఏదైనా ఆ మాట ఆడవాళ్లకు ఇచ్చిన మాటే. నేను ఒక మంగళవారం సెలవు పెట్టి దగ్గర్లోని ఆసుపత్రికి పోయి అడిగితే, అక్కడున్న సిస్టర్ పక్క సిస్టర్ ముఖం చూసింది. "బీపీ, షుగర్ చూస్తాం, కూర్చో" అన్నారు. ఆమెను నేను తప్పు పట్టను. ఆమెకు ఎవరూ నేర్పలేదు.

యోగా చేయొద్దని ఎవరూ అనరు. కానీ హిమోగ్లోబిన్ 7 ఉన్న మనిషికి యోగా చెప్పి పంపడం వైద్యం కాదు. నేను అడిగేది పెద్ద భవనం కాదు. మంగళవారం ఒక గది, ఒక తలుపు, తలుపు మూసి కూర్చుని వినే ఒక లేడీ డాక్టర్. నలభై దాటి వచ్చిన ప్రతి ఆడమనిషికీ హిమోగ్లోబిన్, థైరాయిడ్, నెలసరి వివరాలు రాసే ఒక కార్డు. గర్భసంచి తీయాలంటే ఎందుకు తీస్తున్నారో, అండాశయాలు ఉంచుతున్నారో లేదో తెలుగులో రాసి ఇవ్వాలి.

మా వదినకు ఇప్పుడు 44. వచ్చే నెల నుంచి నా వీక్లీ ఆఫ్ మంగళవారానికి మార్చుకున్నాను, ఆమెను తీసుకుపోదామని. నల్గొండ జిల్లాలో ఏ ఆసుపత్రిలో, ఏ గదిలో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా మెనోపాజ్‌కు చూస్తారో జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్ఓ) గారిని అడిగి మీ జిల్లా పేజీలో అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక మహిళా కండక్టర్,
దేవరకొండ, నల్గొండ జిల్లా
(పేరు వేయవద్దని మనవి)