వార్షిక నివేదిక: కంటి పరీక్షా కేంద్రంలో దీర్ఘకాలిక వ్యాధుల గుర్తింపు, ఫాలోఅప్

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం కంటి పరీక్షా కేంద్రంలో ఈ ఏడాది ఎక్కువ శ్రద్ధ మూడు జబ్బుల మీద పెట్టాం: గ్లకోమా (కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు), షుగరు వల్ల రెటీనా (కంటి వెనక ఉండే, వెలుగును పట్టే పొర) దెబ్బతినడం, వయసుతో మాక్యులా (సూటి చూపునిచ్చే రెటీనా నడిభాగం) క్షీణించడం. చార్టులో ఆఖరి వరుస గడగడా చదివేసేవారిలో కూడా ఇవి బాగా ముదిరి ఉండొచ్చు. అందుకే 40 దాటినవారు, షుగరు ఉన్నవారు, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో గ్లకోమా ఉన్నవారు అద్దాల కోసమే వచ్చినా, కంటి ప్రెషర్, కంటి నరం చూడకుండా పంపకూడదని నియమం పెట్టుకున్నాం.

గ్లకోమా

ప్రెషర్ 10 నుంచి 21 మి.మీ. (పాదరసం కొలతలో) లోపు ఉంటే మామూలే అంటారు గానీ, ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకుంటే మోసపోతాం. 21 లోపే ఉండి నరం పాడైనవారున్నారు, దాటినా ఏళ్ల తరబడి ఏమీ కానివారూ ఉన్నారు. గోల్డ్‌మన్ టోనోమీటరు (కంటి ప్రెషర్ కొలిచే పరికరం) లెక్క కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం దాదాపు 520 మైక్రాన్లన్న అంచనా మీద నడుస్తుంది. కార్నియా పల్చగా ఉంటే అసలు కంటే తక్కువ, మందంగా ఉంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి మందాన్ని ఒకసారి కొలిచి ఫైల్లో రాసి పెడుతున్నాం. ఫార్ములాతో అంకెను సరిదిద్దే పని మాత్రం పెట్టుకోలేదు. ఆ ఫార్ములాలకు ఒకదానితో ఒకదానికి పొసగదు.

కొలతలో తేడాలు ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే వస్తాయి. కొలిచే ముందు కంట్లో వేసే రంగు ఫ్లోరెసిన్ ఎక్కువైతే పరికరంలో కనిపించే ఆకుపచ్చ అర్ధవలయాలు లావెక్కి అంకె పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. బిగుతు కాలరు, ఊపిరి బిగబట్టడం, రెప్ప ఎత్తే వేలు కనుగుడ్డు మీద ఆనడం, ఇవన్నీ ప్రెషర్ పెంచేవే. క్రిమిసంహారక మందులో నానిన, కంటికి తాకే టోనోమీటరు కొన అయిన ప్రిజమ్‌ను సరిగా కడిగి ఆరబెట్టకపోతే కార్నియా కాలుతుంది. ప్రెషర్ రోజంతా ఒకేలా ఉండదు కనుక కొలిచిన వేళ కూడా రాయాల్సిందే.

నరం చూసేటప్పుడు రెండు కళ్ల గుంట నిష్పత్తుల (నరం తల వెడల్పులో మధ్య గుంట వాటా) మధ్య 0.2 తేడా ఉంటే అనుమానించాలి. నరం అంచున సన్నటి రక్తపు చార కనిపిస్తే ఆ రోజే ఫోటో తీయాలి, కొన్ని వారాల్లో అది మాయమైపోతుంది.

మొదటి ఫీల్డ్ టెస్టును (చుట్టుపక్కల చూపు ఎంత ఉందో వెలుగు చుక్కలతో చూసే పరీక్ష) బట్టి ఏదీ తేల్చం, చాలామందికి అది అలవాటయ్యేసరికే అయిపోతుంది. చూపు నిలకడ తప్పడం 20 శాతం దాటినా, వెలుగు రాకుండానే బటన్ నొక్కడం 15 శాతం దాటినా మళ్లీ చేస్తాం. రెప్ప వాలితే పైభాగం నల్లబడుతుంది. టెస్టులో పెట్టే లెన్సు కంటికి దూరంగా ఉంటే చుట్టూ నల్లటి అంచు వస్తుంది. రెండూ అచ్చం జబ్బులాగే కనిపిస్తాయి.

షుగరు ఉన్నవారి రెటీనా

టైప్ 2 అయితే షుగరు బయటపడగానే, టైప్ 1 అయితే 5 ఏళ్ల లోపు మొదటి పరీక్ష జరగాలి. ఆ తర్వాత ఏడాదికోసారి. షుగరు ఉన్న స్త్రీ గర్భం దాలిస్తే మొదటి మూడు నెలల్లో తప్పనిసరి.

ఒక్కో కంటికి 45 డిగ్రీల ఫోటోలు రెండు తీస్తాం, ఒకటి మాక్యులా మధ్యలోకి వచ్చేలా, ఒకటి నరం మధ్యలోకి వచ్చేలా. మచ్చ అందరి ఫోటోల్లోనూ ఒకే చోట ఉంటే అది కెమెరా లెన్సు మీది దుమ్ము. కనుపాప చిన్నదైనా, శుక్లం ఉన్నా ఫోటో మసకబారుతుంది. మసక ఫోటోను 'జబ్బు లేదు' ఖాతాలో వేయకూడదు, కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేసి మళ్లీ తీయాలి. చుక్కలకు ముందు స్లిట్ ల్యాంపుతో (సన్నటి వెలుగు గీతతో కంటిని పెద్దదిగా చూపే పరికరం) కంటి ముందుభాగంలోని కోణం ఇరుగ్గా ఉందేమో చూస్తాం. కార్నియాకూ, కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం ఐరిస్‌కూ మధ్య ఖాళీ కార్నియా మందంలో పావు వంతో అంతకన్నా తక్కువో ఉంటే చుక్కలు ఆపి ముందు డాక్టరు దగ్గరికి పంపుతాం. ఆ చుక్కల మందు ట్రోపికమైడ్ పనిచేయడానికి 20–30 నిమిషాలు పడుతుంది, మసక కొన్ని గంటలుంటుంది. ఆ పూట బండి నడపకూడదు.

రెటీనాను నాలుగు భాగాలుగా చూస్తే, నాలుగింటిలోనూ విపరీతంగా రక్తపు మచ్చలున్నా, రెండు భాగాల్లో సిరలు పూసల్లా ఉబ్బినా, ఒక భాగంలో రెటీనా లోపలి అసాధారణ రక్తనాళాలు స్పష్టంగా కనిపించినా తీవ్ర దశే. కొత్త రక్తనాళాలు మొలిస్తే ఇక వాయిదా లేదు, ఫోను చేసి మరీ పంపుతున్నాం.

మాక్యులా సమస్య ఉన్నవారికి గళ్ల కాగితం ఇస్తున్నాం. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్ను మూసి చూడాలి. గీతలు కొత్తగా వంకర పోతే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా రావాలి.

మందుల వాడకం, రికాల్ (మళ్లీ పరీక్షకు పిలవడం)

గ్లకోమా చుక్కలు పోయిన చూపును తిరిగి తేవు, ఉన్నదాన్ని కాపాడతాయి. వేసినా చూపులో తేడా తెలియక చాలామంది మధ్యలో మానేస్తారు. ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదికి కారిపోతుంది. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన మూలను ఒకట్రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. రెండో మందుకు 5 నిమిషాల ఎడం కావాలి.

పరీక్షలు ఎంత బాగా చేసినా, రమ్మన్న తేదీకి మనిషి రాకపోతే ఫైలు బీరువాలో ఉండిపోతుంది. ఈ విషయంలో ఇంకా వెనకబడే ఉన్నాం. వచ్చే ఏడాది ప్రతి ఫైల్లో ఇంట్లో మరొకరి ఫోను నంబరు కూడా రాస్తాం. రిఫర్ చేసినవారు డాక్టరును కలిశారో లేదో కనుక్కున్నాకే ఆ పేరు పక్కన టిక్కు పడుతుంది.

సభ్యులు వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న చుక్కల సీసాలు, మందులన్నీ తెచ్చుకోగలరు. స్టెరాయిడ్ ఉన్నదేదైనా కంటి ప్రెషర్ పెంచవచ్చు. ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి, గ్లకోమాకు వాడే టిమోలాల్ చుక్కలు వారికి పనికిరావు.