పసుపు చేనులో నేను, పాసుబుక్కులో ఆయన

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. మా ఆయన దుబాయ్ పోయి పదకొండేళ్లయింది. అప్పటి నుంచి ఆయన పేరు మీద ఉన్న రెండెకరాల్లో పసుపు నేనే చూసుకుంటున్నాను. జూన్‌లో కొమ్ములు పెట్టింది మొదలు తొమ్మిది నెలల చాకిరి. కలుపు, నీళ్లు, సంక్రాంతి దాటాక తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబోయడం. ఆ రోజుల్లో గోళ్లకు పట్టిన పసుపు ఎంత కడిగినా పోదు. మా ఊళ్లో ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే, కూలి మాత్రం మగవాళ్లకంటే తక్కువ.

పంట రుణం కోసం బ్యాంకుకు పోతే "భూమి పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉందమ్మా? ఆయన్నే రమ్మను" అన్నారు. ఒక్క సంతకానికి దుబాయ్ నుంచి ఎట్లా వస్తాడు? చివరికి మహిళా సంఘంలో అప్పు తీసుకొని ఎరువు కొన్నాను. 2018లో వచ్చిన రైతుబీమా కూడా పట్టా ఉన్నవాళ్లకే. పట్టాదారు చనిపోతే ఇంటికి 5 లక్షలు వస్తాయి. చేనులో పాము కరిచి నేను పోతే నా పిల్లలకు ఆ డబ్బు రాదు. ఈ మాట తలుచుకుంటేనే రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టదు.

2005లో మార్చిన హిందూ వారసత్వ చట్టం పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇచ్చింది. అడిగితే అన్నదమ్ములతో రాకపోకలు బంద్ అవుతాయని నేను ఇంతవరకు నోరు తెరవలేదు.

2025లో నిజామాబాద్‌కు పసుపు బోర్డు వచ్చింది, చాలా సంతోషం. బోర్డు మీటింగులకు, శిక్షణలకు పట్టాదారులనే కాదు, చేను చేసేవాళ్లను కూడా పిలవాలి. గ్రామసభలో సాగు చేసే ఆడవాళ్ల పేర్లు రాయించి, ఆ లిస్టు చూసి బ్యాంకులు రుణం ఇచ్చేలా అధికారులు చూడాలి. వచ్చే జూన్‌లోపే చేయాలి.

- ఒక పసుపు రైతు,
మెట్‌పల్లి మండలం, జగిత్యాల జిల్లా