యాసిడ్ బాటిల్ గురించి, మరికొన్ని సంగతులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

"బడిలో పిల్లల చేత యాసిడ్ పట్టిస్తున్నారట" అని గురువారం నుంచి వాట్సాప్‌లో తిరుగుతోంది. జరిగింది ఇదీ. ఒక ప్రయోగం కోసం పదో తరగతి వాళ్లను ఇంటి నుంచి కొంచెం వెనిగర్ తెమ్మన్నాం. ఇంట్లో అది లేక, ఇదీ ఆమ్లమే కదా అని ఒక అబ్బాయి బాత్రూమ్ కడిగే యాసిడ్ తెచ్చాడు. కూల్‌డ్రింక్ బాటిల్లో, లంచ్ బాక్స్ పక్కనే పెట్టుకుని! పక్కవాడు మూత తీసి, ఘాటుకు దగ్గి, టీచర్‌ని పిలిచాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ బాటిల్లో పోసింది పిల్లవాడు కాదు. సైకిల్ మీద వచ్చే అతని దగ్గర లూజుగా కొని, ఇంట్లో అలాగే ఉంచారట. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని క్లాసులో అడిగితే సగం చేతులు లేచాయి. మీరంతా జాగ్రత్తపరులే, కాదనను. కానీ దాహంతో వచ్చిన పిల్లాడికి ఆ బాటిల్ ఎలా కనిపిస్తుందో ఒక్కసారి చూడండి. ఇంకా తెల్లగా వస్తుందని అందులో బ్లీచింగ్ పౌడర్ కలిపేవాళ్లు దయచేసి మానేయండి, క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది.

ఆ వెనిగర్ ప్రయోగం, అంటే ఆమ్లం ఎంత ఉందో క్షారం పోసి కొలిచే టైట్రేషన్, మాత్రం ఆపను. నేను డిగ్రీలో చేరేదాకా బ్యూరెట్ (చుక్కచుక్కగా వదిలే కొలత గొట్టం) ముట్టుకోలేదు, ఆ బాధ నాకు తెలుసు. 10 మి.లీ. వెనిగర్‌ను నీళ్లతో 100 మి.లీ. చేసి, అందులో 20 మి.లీ. తీసి, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, పైనుంచి బ్యూరెట్‌తో 0.1 మోలార్ (గాఢత కొలత) సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం చుక్కచుక్కగా వదలాలి. గులాబీ రంగు వస్తుంది, ఊపితే పోతుంది. ఇక పోకుండా నిలిచిన చుక్క దగ్గర ఆపాలి. ఒక అమ్మాయికి మొదటిసారి చేయి జారి క్షారం 13.6 మి.లీ. పట్టింది, ముఖం చిన్నబుచ్చుకుంది. తర్వాత రెండుసార్లూ 13.4. లెక్క కడితే 4.02 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లం. సీసా మీద 4 అని ఉంది. "లేబుల్ నిజమే చెప్పింది సార్!" అంది. ఇంకొకడు చింతపండు రసం పట్టుకొచ్చాడు. ఆ రంగులో గులాబీ కనిపించకపోతే, బాగా పల్చన చేస్తే సరి అని తనే కనిపెట్టాడు. దీనికి పరీక్షలో మార్కులున్నాయా అని ఫోన్ చేసి అడిగిన వారికి: లేవండి.

రెండో శనివారం పేరెంట్స్ మీటింగ్, పదింటికి. బస్సు ఫీజు బాకీ ఉన్నవారు ఈలోగా కట్టండి.

ఆ అబ్బాయి తన వంతు టైట్రేషన్ ఇంకా చేయలేదు, సోమవారం చేస్తాడు. వెనిగర్ మేమే ఇస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయుడు