పల్లీల మీద పడిన నింద

సంపాదకుడికి,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో ‘పల్లీల్లోకీ జన్యుమార్పిడి’ అని పెద్ద అక్షరాల శీర్షిక పెట్టారు. అప్పుడే రాయవలసింది. ఎవరైనా వ్యవసాయ అధికారి ఖండిస్తారేమోనని ఆగాను. ఆ ఆశ పెట్టుకోవడం నా తెలివితక్కువే.

మీరు రాసింది గిర్నార్-4, గిర్నార్-5 అనే పల్లీ రకాల గురించే కదా. వాటిలో వేరే జీవి జన్యువేదీ లేదు. పల్లీనూనెలో ఉండే కొవ్వు ఆమ్లాల్లో ముఖ్యమైనవి ఒలియిక్, లినోలియిక్. గింజలో మొదటిదాన్ని రెండోదిగా మార్చే ఎంజైమ్ ఒకటుంది. దాన్ని తయారుచేయించే జన్యువుకు పల్లీలో రెండు ప్రతులు. రెండూ చెడితే ఒలియిక్ అలాగే నిలిచిపోతుంది. మామూలు పల్లీనూనెలో సగానికి అటూ ఇటూగా ఉండేది 80 శాతం దాకా పోతుంది. రెండో ప్రతి చెడింది ఆ జన్యువు డీఎన్‌ఏ రాతలో ఒకే ఒక్క అక్షరం అదనంగా పడడం వల్ల. మీ పత్రికలో రోజూ కనిపించే అచ్చుతప్పు లాంటిదే, కాకపోతే దానివల్ల మేలు జరిగింది. అలాంటి పల్లీ ఫ్లోరిడాలో దొరికినట్లు 1987లోనే ప్రకటించారు. దాని సంతతి రకాన్ని మన రకంతో సంకరం చేసి, ఆ మార్పు ఉన్న మొక్కలనే ఏరుతూ పోయారు అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, గుజరాత్‌లోని జునాగఢ్ వేరుశనగ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు. ఇక్రిశాట్ ఉన్నది పటాన్‌చెరులోనే. ఒక్క ఫోను చేస్తే చెప్పేవారు.

జన్యువులో ఇలా వచ్చే మార్పును ఉత్పరివర్తనం అంటారు. ఆ మాటకే జడుసుకుంటే, మన రైతులు ఏళ్లుగా వేస్తున్న టీఏజీ-24 పల్లీ సంగతేమిటి? భాభా అణు పరిశోధన కేంద్రం వికిరణంతో పుట్టించిన రకాల సంతతి అది. నిజంగా జన్యుమార్పిడి చూడాలంటే వరంగల్ చుట్టూ పత్తి చేలకు వెళ్లండి, దాదాపు అంతా బీటీయే, అంటే పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి. దానికి 2002లోనే అనుమతి వచ్చింది. ఆ పత్తిగింజల నూనెలో వేగిన మిర్చీ బజ్జీ తింటూ పల్లీల మీద హెచ్చరికలు రాశారేమో!

లినోలియిక్ ఎక్కువున్న నూనెకు గాలి తగిలితే త్వరగా వాసన పడుతుంది. సంక్రాంతికి చేసిన సకినాలు శివరాత్రి నాటికి ఎలా ఉంటాయో ప్రతి ఇంట్లో తెలుసు. ఒలియిక్ ఎక్కువున్న పల్లీనూనె అంత త్వరగా పాడవదు, దాని ఉపయోగం అక్కడే. ఇది మీ వార్తలో ఒక్క ముక్క లేదు.

ముప్పై ఏళ్లు పదో తరగతికి జీవశాస్త్రం చెప్పినవాణ్ని. అనువంశికత పాఠాన్ని నాలుగు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టించే బడులు వచ్చాక విలేఖరులను మాత్రం ఏమనగలం? అధికారులదీ అదే తీరు. మా ఊరి రైతు వేదికకు నెలలో ఇరవై రోజులు తాళమే. గోడ మీద పథకాల పేర్లున్నాయి, ఏ విత్తనం ఎక్కడ దొరుకుతుందో లేదు. మార్కెట్‌కు తీసుకెళ్తే తేమ చూస్తారు, చేత్తో నలిపి గింజ చూస్తారు. ఒలియిక్ ఎంతో చూసే యంత్రం లేనప్పుడు ఎక్కువ ధర ఎవరిస్తారు?

పరకాల వైపు మా బావమరిది ఈ యాసంగికి రెండెకరాల్లో గిర్నార్ వేయాలని దుక్కి కూడా చేయించాడు. మీ వార్త చదివి మానేసి మొక్కజొన్న విత్తనం తెచ్చుకున్నాడు. సవరణ వేస్తే ఆ శీర్షికంత అక్షరాలతోనే వేయండి, సంతాప ప్రకటనల కింద కాదు.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ